నాజిలక్క చూసే మంచు

అదే చెప్తున్నా, మీరు కారెక్కుతారు, తాళం తిప్పుతారు, బండి గుర్రుమంటుంది, వెళ్ళిపోతారు. లోపల ఏం జరుగుతుందో మీకెందుకు. డీజిల్ బండి గుండెల్లో నాలుగు నాజిళ్ళుంటాయి, జానెడు కూడా లేని ఇనప ముక్కలు. ఒక్కోటీ తన వంతు రాగానే డీజిల్ని మంచులా చేసి లోపలికి ఊదుతుంది. సరిగ్గా ఊదినంతకాలం అవి ఉన్నాయని కూడా మీకు తెలీదు. నాలుగిట్లో ఒక్కటి మొరాయించిందా, ఇక చూడండి, బండంతా చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది, వెనకాల తెల్లటి పొగ, స్టీరింగు పట్టుకుంటే చేతులు తిమ్మిరెక్కుతాయి. అప్పుడు గుర్తొస్తుంది మీకు నాజిలక్క.

ఆమెకి పెట్టిన పేరు వేరే ఒకటుంది. దాంతో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు. ఊరంతా నాజిలక్కే.

వీధి వైపు పెద్ద రేకుల షెడ్డు, అది మొగుడిది. ఆయన్ని అందరూ మేస్త్రీ అంటారు. ఇంజన్లు దించడం, ఎక్కించడం, సుత్తి దెబ్బలు, కేకలు, అదంతా ముందర. షెడ్డు వెనకాల ఒక చిన్న గది. ఒకప్పుడు విరిగిన కుర్చీలు పడేసే గది. అది అక్క రాజ్యం. చెప్పులు బయట విడవాలి. ఇదేం గుడి అనుకోకండి, దుమ్ము భయం. నాజిల్ కొసన ఉండే కంతల్లో తలవెంట్రుక కూడా దూరదు, ఒక్క ఇసక రేణువు చాలు దాన్ని చంపడానికి. అందుకే బల్ల మీద పీచు రాలని మెత్తటి గుడ్డ, మూతపెట్టిన గిన్నెలో వడగట్టిన డీజిల్, ఇత్తడి తీగల బ్రష్షు, పుల్లలు. నడిమధ్యలో చెయ్యి పంపు. దానికొక పొడుగాటి పిడి, పైన ముల్లున్న గడియారం లాంటి మీటరు, కింద గాజు గ్లాసు.

నాజిల్ని ఆ పంపుకి బిగించి పిడి నొక్కుతుంది. ముల్లు పైకి లేస్తుంది, లేస్తుంది, ఒకచోట ఆగినట్టే ఆగుతుంది. అప్పుడు నాజిల్ కొస నించి ఖర్ర్ అని చిన్న గురక, ఆ వెంటనే మంచు. తుంపర కూడా కాదు, మంచే. గొడుగు విచ్చుకున్నట్టు విచ్చుకుంటుంది. పై కిటికీలోంచి మధ్యాన్నం ఎండ దాని మీద పడితే గదిలో పొద్దున్నే తెల్లారినట్టుంటుంది.

అక్క దాన్ని కళ్ళు సగం మూసుకుని చూస్తుంది. చూసేవాళ్ళకి నిద్రపోతోందేమో అనిపిస్తుంది.

"అక్కా, నిద్రొస్తుందా?" అనడిగాడు ఒకసారి పాల వ్యాను తోలేవాడు.

"ఆఁ. నీ బండి వాంతి చేసుకుంటుంటే జోలపాటలా ఉంది," అంది. వాడి నాజిల్ కొసన చుక్కలు కారుతున్నాయి మరి. మంచి నాజిల్ ఖర్ర్ మని గురక పెట్టి మంచు ఊది టక్కున మూసుకుంటుంది, కొస పొడిగా ఉంటుంది. చెడ్డది గురక పెట్టదు, మంచు రాదు, ముసలి మేక పొదుగులా చుక్క చుక్క కారుతుంది. అంతే తేడా. కానీ ఆ మంచులో చెయ్యి మాత్రం పెట్టకూడదు. చూడ్డానికి మెత్తగా ఉంటుంది గానీ, ఆ ఒత్తిడికి తోలు చీల్చుకుని లోపలికి పోతుంది. అక్క కూడా చూస్తుందే తప్ప ముట్టుకోదు.

ఏం కనిపిస్తుందమ్మా అందులో అంటే నవ్వుతుంది. ఒక్కోసారి కొండ కనిపిస్తుందిట. ఒక్కోసారి ఎవరో ఆడమనిషి జుట్టు ఆరబోసుకున్నట్టుంటుందిట. ఒకసారి తెల్లకోడి కనపడింది, ఆ సంగతి మొగుడితో చెప్పింది, ఆయన "గుడ్డు పెట్టిందా?" అనడిగాడు. ఆ తర్వాత ఆయనకి చెప్పడం మానేసింది.

ఇప్పుడు అసలు సంగతికొద్దాం. షెడ్డు మూల గోడవారగా ఒక పాత కారు ఉంటుంది. ఇంటి కారు. ఒకప్పుడు నీలం. ఇప్పుడది ఏ రంగంటే, ఉతికి ఉతికి ఆరేసిన పాత దుప్పటి రంగు. అక్క డ్రైవింగు నేర్చుకుంది దాన్లోనే, ఎడమ తలుపు మీద సొట్ట అప్పటిదే. వారానికోసారి అత్తగారిని వెనక కూచోబెట్టుకుని, కాలవ వంతెన దాటి, అత్తగారి చెల్లెలింటికి తీసుకెళ్తుంది. అక్కచెల్లెళ్ళిద్దరూ కూచుని చిన్నప్పుడు ఎవరి రిబ్బను ఎవరు దొంగిలించారో పోట్లాడుకుంటారు. అక్క బయట కార్లో కూచుని కిటికీ దించుకుంటుంది. ఆ వెళ్ళిరావడమే ఆమెకి వారంలో ఇంటి గోడా షెడ్డు గోడా కనపడని పూట. మిగతా రోజుల్లో కూడా మధ్యాన్నం భోజనమయ్యాక వెనక సీట్లో నడుం వాలుస్తుంది. అద్దాలకి దుమ్ము పట్టి ఎండ మెత్తగా వస్తుంది లోపలికి. కదలని కార్లో పడుకుని ఎక్కడెక్కడికో పోయొస్తుంది. ఆమె చెప్పదు గానీ మొహం చూస్తే తెలుస్తుంది.

అలాంటి కారుకి వణుకు పట్టుకుంది. స్టార్టు చేస్తే దడదడ, తెల్లపొగ. ఇవాళ చూస్తా రేపు చూస్తా అని మేస్త్రి వాయిదాలేశాడు. చెప్పులు కుట్టేవాడి పెళ్ళాం కాలికి చెప్పుండదంటారు చూడండి, అలా. ఈలోపు ఒక పొద్దున పాత ఇనుము కొనేవాడు వచ్చి కారు చుట్టూ తిరిగి, బానెట్ మీద రెండు దెబ్బలు వేసి, "రేపు పొద్దున్నే తోలుకెళ్తానక్కా," అన్నాడు.

"దేన్ని?" అంది అక్క.

"మేస్త్రి చెప్పలేదా?"

మేస్త్రి చెప్పలేదు. కార్లు పైకి లేపే మిషను ఒకటి తెస్తున్నాడు, దానికి ఆ మూల కావాలి, అందుకని మాటిచ్చేశాడు. పెళ్ళానికి చెప్తే గొడవవుతుందని చెప్పకుండా ఊరుకున్నాడు. చెప్పకపోతే గొడవ కాదనుకోవడం మగాళ్ళకి పుట్టుకతో వచ్చే జబ్బు.

అక్క గొడవ చెయ్యలేదు. మాట్లాడ్డం మానేసింది. ఆమె అరిస్తే మేస్త్రి తట్టుకుంటాడు, చేతిలో పానా ఉంటే ఆయనకి ఏ అరుపూ వినపడదు. మాట్లాడకపోతే మటుకు చేప ముల్లు గొంతులో పడ్డట్టు తిరుగుతాడు. కాసేపు ఓర్చుకుని, షెడ్డుకీ ఇంటికీ మధ్య గుమ్మంలో కుర్చీ వేసుక్కూచున్న తల్లి దగ్గరికొచ్చాడు.

"అమ్మా, ఆవిడతో చెప్పు. నేను ఇప్పుడే చూశాను. రెండోది చచ్చిపోయింది. ఆ నాజిల్ తీసి చూసుకోమను. నాజిల్ది తప్పయితే బాగుచేసుకోమను, బండి ఉంచుకోమను, నేనేమీ అన్ను. నాజిల్ బాగుందంటే లోపల ఇంజనే పోయినట్టు. ఇంజన్ విప్పి కూచునే ఓపిక నాకు లేదు. అప్పుడు పొద్దున్నే ఆ ఇనుమువాడు తోలుకెళ్తాడు."

అత్తగారు నాలుగడుగులు వేసి వెనక గది ముందర నిలబడింది. చెప్పులు విడిచింది. ఆవిడకి ఈ రాయబారాలు కొత్త కాదు, పైగా సరదా. అన్నమాటకి కాస్త ఉప్పూ కారం వేసి మోస్తుంది.

"ఇదిగో అమ్మాయ్, వాడు కాళ్ళబేరానికొచ్చాడు. రెండోది చచ్చిందిట. నాజిల్ది తప్పయితే బండి నీదేనట. కాకపోతే పొద్దున్నే పోతుందిట. దణ్ణం పెట్టి మరీ చెప్పమన్నాడు."

"మీ అబ్బాయి దణ్ణం పెట్టాడా?"

"పెట్టాడనుకో. చేతులకి గ్రీజుంది, కలవలేదు."

అక్క నవ్వాపుకుంది. మనసులో మటుకు ఆశ పుట్టింది. నాజిల్ అయితే ఎంతసేపు, తన చేతిలో పని.

చచ్చినదాన్ని ఎలా కనుక్కుంటారో చెప్తా, తేలికే. ఇలాంటి పాత డీజిల్ బండికి ఒక్కో నాజిల్ కి ఒక్కో ఇనప గొట్టం వస్తుంది, కొసన నట్టు. ఇంజన్ నడుస్తుండగా ఒక నట్టు కాస్త వదులు చేస్తే ఆ నాజిల్ కి డీజిల్ అందదు, బయటికి కారుతుంది. ఆ నాజిల్ బతికుంటే ఇంజన్ చప్పుడు కుంగుతుంది, కుంటుతుంది. చచ్చినదైతే వదులు చేసినా చెయ్యకపోయినా ఒకే చప్పుడు. చచ్చినవాడు లేచిపోతే పంక్తిలో ఏం తగ్గుతుంది. మేస్త్రి అలాగే నాలుగూ వదులు చేసి, బిగించి, రెండోది అన్నాడు.

అక్క వెళ్ళి బానెట్ ఎత్తింది. అప్పటికి మేస్త్రి షెడ్డు అవతల వేరే బండి కిందకి దూరాడు, కాళ్ళు మటుకు కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళని ఒకసారి చూసి మొహం తిప్పుకుంది. నాజిల్ చుట్టూ ఉన్న దుమ్మంతా ముందు ఊది, గుడ్డతో తుడిచింది, లేకపోతే విప్పగానే అదంతా లోపల పడుతుంది. గొట్టం తీసింది. రెండోది విప్పింది. ఆ కంతకి శుభ్రమైన గుడ్డ కుక్కింది. నాజిల్ని పసిపిల్లని తెచ్చినట్టు రెండు చేతుల్తో గదిలోకి తెచ్చింది.

పంపుకి బిగించి పిడి నొక్కింది. ముల్లు లేచింది. ఖర్ర్.

గొడుగు విచ్చుకుంది.

అంత మంచి మంచు ఈమధ్య ఏ బండికీ చూళ్ళేదు. నాలుగు వైపులా సమానంగా, అంచు చెదరకుండా. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అదే. కొస మీద వేలితో కాదు, కాయితం ముక్కతో అద్ది చూసింది, పొడి. ముల్లుని మంచు ఊదే చోటికి కాస్త కిందే ఆపి ఉంచింది, కదల్లేదు, ఎక్కడా కారడం లేదు. అక్క పిడి మీద చెయ్యి అలాగే ఉంచి ఆ మంచు కిందకి దిగి గ్లాసులో కలిసిపోయేదాకా చూసింది. ఈసారి అందులో కొండా లేదు, కోడీ లేదు. ఒక రోడ్డు కనపడింది, రెండు పక్కలా ఏమీ లేని రోడ్డు. అది కూడా కరిగిపోయింది.

అబద్ధం చెప్పొచ్చు. పాడైందత్తయ్యా, బాగు చేస్తాను అనొచ్చు. కానీ నాజిల్ గురించి అబద్ధం చెప్పడం ఆమెకి రాదు. ఇంట్లో వంద అబద్ధాలు ఆడుతుంది, మీ చెల్లెలు మిమ్మల్ని మెచ్చుకుంది అత్తయ్యా అని వారం వారం ఆడుతుంది. ఆ గదిలో మటుకు నోరు తిరగదు.

"నాజిల్ బాగానే ఉందని చెప్పండత్తయ్యా."

అత్తగారు ఆమె మొహంలోకి చూసింది. "బాగానే ఉంటే ఏడుస్తావేంటి?"

"డీజిల్ ఘాటు."

ఈసారి అత్తగారు ఉప్పూ కారం ఏమీ వెయ్యలేదు. కొడుకు కాళ్ళ దగ్గర నిలబడి, "బాగానే ఉందిట," అంది. బండి కింద నించి "అయితే ఇంజనే," అని వినిపించింది. "తోలుకెళ్ళనీ."

అక్క నాజిల్ కింద వేసే రాగి ఉంగరాన్ని పొయ్యి మంట మీద ఎర్రగా కాల్చి నీళ్ళల్లో ముంచింది. అలా చేస్తే రాగి మెత్తబడి మళ్ళీ పట్టుకుంటుంది. తెల్లారితే తుక్కులోకి పోయే బండికి ఇంత ఎందుకంటే ఏం చెప్తాం. పోయేదాన్నైనా సగం విప్పి పంపిస్తామా. నాజిల్ బిగించింది, గొట్టం బిగించింది. బిగించి, వెనక తలుపు తీసుకుని సీట్లో పడుకుంది.

ఆ మధ్యాన్నం ఎప్పటిలాగే ఉంది. దుమ్ము పట్టిన అద్దంలోంచి ఎండ తేనె రంగులో దిగుతోంది. సీటు చిరుగులోంచి స్పాంజి వాసన. పైకప్పు గుడ్డ ఒకచోట జారి పొట్టలా వేలాడుతోంది, దాన్ని చూస్తూ ఉంటే మబ్బులా ఉంటుంది. బయట ఎవరో రేకు మీద కొడుతున్నారు, ఆ చప్పుడు దూరమై, ఇంకా దూరమై, ఎక్కడో వంతెన మీద చక్రాలు పోతున్నట్టయింది. కారు కదిలినట్టే ఉంది. కాలవ పక్కనే పోతోంది. నీళ్ళ మీద మంచు. స్టీరింగు దగ్గర ఎవరూ లేరు, అయినా భయం లేదు, బండికి దారి తెలుసు. అయితే వణుకు లేదు. ఎంత హాయిగా పోతోందో. వణుకు లేదేంటి అనుకుంది నిద్రలోనే. ఇంజన్ పోయిన బండి ఇలా పోతుందా. ఇంజన్ పోతే వేడెక్కాక ఇంకా కుంటాలి. పోయిన వారం వంతెన దాటాక వణుకు తగ్గింది కదా, పొద్దున మొదలెట్టినప్పుడే కదా ఎక్కువ.

కళ్ళు తెరిచింది. కారు గోడవారగానే ఉంది. కానీ ఆ మాట నిజం. పోయిన వారం వేడెక్కాక వణుకు తగ్గింది. పిస్టనో వాల్వో పోయిన బండి వేడికి అంత తొందరగా లొంగదు. కొస బంక పట్టిన నాజిల్ లొంగుతుంది.

లేచింది. పానా తీసుకుంది. తాళం తిప్పి స్టార్టు చేసింది, దడదడదడ. వెళ్ళి రెండోదాని నట్టు వదులు చేసింది.

ఇంజన్ కుంగింది. ఆగిపోయేంత కుంగింది.

అంటే ఇది బతికే ఉంది. చచ్చిందన్నాడే. బిగించింది. దాని పక్కది వదులు చేసింది. డీజిల్ కారుతోంది, చప్పుడులో వెంట్రుకంత తేడా లేదు. చచ్చింది ఇది.

ఆమె చేతిలో పానా ఆగిపోయింది. ముందు వచ్చిన ఆలోచన మంచిది కాదు. ఆ మూల కావాలి కాబట్టి, బాగున్న నాజిల్ చూపించి, నా నోటితోనే బాగుందనిపించాడు. నా చేత్తోనే నా బండికి పాడె కట్టించాడు. ఇన్నేళ్ళు కలిసి తిన్న మనిషి.

తిన్నగా వెళ్ళి ఆ కాళ్ళ దగ్గర నిలబడింది. పానాతో చెప్పు అడుగున తట్టింది.

"బయటికి రా."

మేస్త్రి గబుక్కున లేవబోయి నుదురు కొట్టుకున్నాడు. రుద్దుకుంటూ బయటికొచ్చాడు. పెళ్ళాం మాట్లాడిందని సంతోషపడాలో, ఆ గొంతు విని భయపడాలో తేలలేదు.

"రెండోదని ఎందుకు చెప్పావు?"

"రెండోదే కాబట్టి చెప్పా."

"ప్రమాణం చెయ్యి."

"నాజిల్ కి ప్రమాణం ఏంటే. రెండోదే."

"రెండోది గుండ్రాయిలా ఉంది. చచ్చింది మూడోది. నీకు మూల కావాలంటే మూల కావాలని చెప్పు. నన్ను వెర్రిదాన్ని చెయ్యకు."

మేస్త్రి మొహం మాడింది. తిడితే ఊరుకునేవాడేమో, దొంగ అన్నట్టు మాట్లాడితే ఊరుకోడు. "పద," అన్నాడు. "చూపిస్తా పద. ఇన్ని బండ్లు చూశాను, రెండుకీ మూడుకీ తేడా తెలీదా నాకు."

అత్తగారు కూడా కుర్చీ వదిలి వచ్చింది. ఇలాంటివి కూచుని చూస్తే ఏం బాగుంటుంది.

ఇంజన్ ఇంకా వణుకుతూనే ఉంది. మేస్త్రి ఒక పక్కన నిలబడ్డాడు, అక్క ఎదురుగా నిలబడింది.

"ఏది చచ్చిందన్నావు?"

"రెండోది," అని మేస్త్రి వేలు పెట్టాడు.

"రెండోది ఇదీ," అని అక్క వేలు పెట్టింది.

రెండు వేళ్ళు పక్క పక్క గొట్టాల మీద ఉన్నాయి.

ఇద్దరూ ఆ వేళ్ళని చూశారు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూశారు. మళ్ళీ వేళ్ళని చూశారు.

"ఎక్కణ్ణించి లెక్కేశావు?" అన్నాడు మేస్త్రి నెమ్మదిగా.

"గేరుబాక్సు వైపు నించి. ఇంకెక్కణ్ణించి వేస్తారు?"

"బెల్టు వైపు నించి వేస్తారే. లోకమంతా బెల్టు వైపు నించే."

"మా నాన్న గేరుబాక్సు వైపు నించే వేసేవాడు."

అదండీ సంగతి. అక్క పని నేర్చింది తండ్రి దగ్గర. ఆయన జీవితమంతా ఒకే కంపెనీ పాత బండ్లు చేశాడు, వాటికి ఒకటో నెంబరు గేరుబాక్సు పక్కదే. ఆ లెక్కే కూతురికొచ్చింది. మేస్త్రి నేర్చింది వేరే షెడ్డులో, అక్కడ బెల్టు పక్కదే ఒకటి. నాలుగిట్లో ఇటునించి రెండోది అటునించి మూడోది. మరి ఇన్నేళ్ళూ ఎలా తెలీలేదంటే, ఎప్పుడూ అవసరం రాలేదు. బయటి బండ్లకి ఆయన నాలుగూ తనే విప్పి పళ్ళెంలో పెట్టి పంపిస్తాడు, ఆమె నాలుగూ చూసి అదే పళ్ళెంలో అదే వరసన పంపిస్తుంది. నెంబరు మాటే రాదు. ఒక్క నాజిల్ కోసం నోటిమాటగా కబురు పంపడం, ఆమే వచ్చి విప్పుకోవడం ఇదే మొదలు. అది కూడా మాటల్లేక.

అత్తగారు ముందు నవ్వింది. "ఇన్నాళ్ళు ఒక మంచం మీద పడుకున్నారు, తల ఎటో కాళ్ళెటో తెలీదా మీకు?"

"నువ్వూరుకో అమ్మా."

"నేనూరుకుంటే మీ కబుర్లు ఎవడు మోస్తాడు. ఇకనించి నాకు జీతం ఇవ్వండి."

అక్క నవ్వలేదింకా. మొగుడి నుదుటి మీద లేచిన బొప్పిని చూస్తోంది. "నిన్ను దొంగన్నాను," అంది.

"దొంగనలేదు. వెర్రిదాన్ని చేశానన్నావు."

"లోపల అన్నాను."

"లోపల అన్నవి లోపలే ఉంచుకో," అని మేస్త్రి ఇంజన్ ఆపాడు. బానెట్ లోపలికే చూస్తూ, "ఇనుమువాడికి మాటిచ్చేముందు నీకు చెప్పాల్సింది," అన్నాడు. ఆయనకి అంతకన్నా రాదు. అది చాలు.

ఇక ఆ నాజిల్. మేస్త్రే విప్పి తెచ్చాడు, గుమ్మం ముందు చెప్పులు విడిచి మరీ. అక్క బిగించి పిడి నొక్కింది. ముల్లు సగమైనా ఎక్కకుండానే కొస నించి చుక్క, చుక్క, చుక్క. గురక లేదు, మంచు లేదు. అంత చెడ్డ నాజిల్ని చూసి అంత మురిసిపోయిన మనిషి ఇంకెక్కడా ఉండదు.

"ఎంత బాగా పాడైందో చూడు," అంది.

"ముద్దు పెట్టుకోరాదూ," అన్నాడు మేస్త్రి.

విప్పింది. లోపల సూది ఉంటుంది, దాని చుట్టూ గొట్టం. ఆ రెండూ జతగా అరగదీసి చేస్తారు, ఒకదాని సూది ఇంకోదాన్లో పెట్టకూడదు, పడదు. సూదికి గోధుమరంగు బంక పట్టి కదలడం లేదు. వాడకుండా నిలబెట్టిన బండికి ఇలాగే అవుతుంది. వారానికోసారి వంతెన దాటి వచ్చేంత దూరం సరిపోదు, ఇంజన్ బాగా వేడెక్కి ఆ బంక కరిగేలోపే ఇంటికొచ్చేస్తాం. డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్ళు కూడా చేరాయి, ఎవరూ తియ్యలేదు. మేస్త్రి అది చూసి దగ్గాడు. తీయాల్సింది ఆయనే.

వడగట్టిన డీజిల్లో నానబెట్టింది. పుల్లతో, ఇత్తడి బ్రష్షుతో నెమ్మదిగా బంక వదిలించింది. గీత పడకూడదు, వేలి చెమట కూడా తగలకూడదు. బాగయిందో లేదో చూడ్డానికి ఒక పద్ధతుంది. నాజిల్ని నిలువుగా పట్టుకుని సూదిని కాస్త పైకి లాగి వదలాలి. తన బరువుకి తనే దిగాలి. తొయ్యకూడదు. మొదటిసారి సగంలో ఆగింది. మళ్ళీ కడిగింది. రెండోసారి కొంచెం దిగి తట్టుకుంది. మళ్ళీ కడిగింది. మేస్త్రి ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు, ఆయనకి ఈ గదిలో ఇంతసేపు నిలబడ్డం అలవాటు లేదు. ఈసారి వదిలితే సూది దిగింది, తొందర లేకుండా, నిద్రలోకి జారుతున్న మనిషిలా, ఎక్కడా ఆగకుండా అడుగుదాకా.

పంపుకి బిగించింది. ఖర్ర్.

గొడుగు విచ్చుకుంది. మేస్త్రి కళ్ళు సగం మూసి చూడబోయాడు, ఆమెలాగా.

"ఏం కనపడింది?" అంది.

"డీజిల్."

"పోనీలే. నిజం చెప్పావు."

బిగించి, గొట్టాల్లో గాలి పోయేదాకా నట్లు వదులుగా ఉంచి ఇంజన్ తిప్పి, డీజిల్ కారడం మొదలెట్టగానే బిగించారు. ఈసారి ఆమె నట్టు, ఆయన తాళం, నెంబర్లు అనకుండా వేలు చూపించుకుని. స్టార్టయింది. ముందు కాస్త పొగ, రెండు కుంట్లు, తర్వాత సాఫు. బానెట్ మీద గ్లాసుడు టీ పెట్టినా తొణకదు. అత్తగారు నిజంగానే టీ గ్లాసు పెట్టి చూసింది.

"మరి నీ మిషను?" అంది అక్క.

మేస్త్రి షెడ్డంతా ఒకసారి చూశాడు. "పాత టైర్లు తీసేస్తే అక్కడ పడుతుందేమో. ముందు ఆ ఇనుమువాడికి రావద్దని చెప్పాలి. ఫోను ఎత్తడు, వాడి తుక్కుకొట్టు చప్పుడికి వినపడదు. నువ్వే వెళ్ళి చెప్పిరా, బండి ఎలాగూ నడిపి చూడాలి. చెప్పకపోతే పొద్దున్నే తాడేసుకుని వచ్చేస్తాడు, వాడు మనల్ని లేపడు కూడా, కట్టుకుని పోతాడు."

"చెప్పొస్తా."

"వీధి చివరే. చెప్పి వచ్చెయ్యి."

ఆమె స్టీరింగు ముందు కూచుని అద్దం సరిచేసుకుంటే వెనక సీట్లో అత్తగారు కనపడింది. ఎప్పుడెక్కిందో.

"వీధి చివరికేనత్తయ్యా."

"నేనేమైనా అన్నానా. పద."

సాయంత్రం ఎండ వీధి నిండా ఉంది. గోడల మీద, ఆరేసిన దుప్పట్ల మీద, సైకిళ్ళ మీద. కిటికీ దించింది. స్టీరింగు చేతుల్లో పిల్లిలా ఉంది, వణుకు లేదు, చిన్న గురక మటుకే. వీధి చివర తుక్కుకొట్టు వచ్చింది. ఇనుమువాడు లోపల వీపు తిప్పి ఏదో రేకు కత్తిరిస్తున్నాడు. అక్క కాలు బ్రేకు మీదకి వెళ్ళింది. అక్కడ ఆపితే ఇంజన్ చల్లారుతుంది. మళ్ళీ బంక పట్టకుండా ఉండాలంటే బాగా వేడెక్కాలి కదా, ఇందాకే కదా ఆ మాట అనుకున్నది. కాలు వెనక్కొచ్చేసింది.

"చెప్పవా?" అంది అత్తగారు.

"వచ్చేటప్పుడు చెప్దాం."

వంతెన ఎక్కారు. కింద కాలవ మీద సాయంత్రం మంచు దిగుతోంది, పల్చగా, ఎవరో పిడి నొక్కి వదిలినట్టు. వంతెన దిగితే కుడి పక్క చెల్లెలిల్లు. మలుపు వచ్చింది. అక్క తిప్పలేదు. అత్తగారు కిటికీ లోంచి అటు చూస్తూ, "దానికి నా రిబ్బను సంగతి వచ్చే వారం చెప్తాలే," అంది.

రోడ్డు ముందుకి పోతోంది, రెండు పక్కలా పెద్దగా ఏమీ లేవు. వెనక ఆ వీధి చివర ఇనుమువాడు కొట్టు తలుపు దించి తాళం వేసుకుంటున్నాడు, పొద్దున్న కోసం తాడు చుట్టి భుజానేసుకుని. వాడికింకా ఎవరూ ఏమీ చెప్పలేదు.